నాలుగు మిల్లులొద్దు, ఒకటి చాలు: పెరట్లో దుంగలు కోసే రోజుకి ఏర్పాట్లు

మీరు అడిగింది కుదించి చెప్తే ఇదీ: నార్త్ కరొలైనాలో, షార్లెట్‌కి గంట దూరంలో పదెకరాలు, ట్రెయిలర్ మీద ఒక బ్యాండ్ మిల్లు (పట్టీలా తిరిగే సన్నని బ్లేడుతో దుంగని పలకలుగా కోసేది), సరదాకి చెక్క కోసుకునే మనవాళ్లూ ఇక్కడి స్నేహితులూ కలిపి పాతికమంది, ఒక శనివారం. నలుగురు సొంత మిల్లులు తెస్తామన్నారు, అన్నీ నడుపుదాం అంటున్నారు, పిల్లలు కూడా వస్తారు, మధ్యాహ్నం బిర్యానీ. ఎలా ప్లాన్ చేయాలి అని. దానికిందే ఇంకొకరు ఇదే పని గోదావరి జిల్లాలో మా ఊళ్లో పెట్టుకోవచ్చా అని అడిగారు, దానికి ఆఖర్లో వస్తాను.

అన్నా అని పిలిచారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. నాలుగు మిల్లులు ఒకేసారి నడిపే ఆలోచన మానుకోండి. ఆ రోజు ఒక్క మిల్లే కోయాలి, మిగతావి తాళంచెవి తీసేసి పక్కన నిలబెట్టాలి. పాతిక హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజన్ ఒకటి నడుస్తుంటేనే పక్కవాడి మాట వినపడదు, నాలుగు నడిస్తే అందరూ చెవులకి మఫ్స్ పెట్టుకుని ఫోన్లో వీడియో తీసుకుంటూ నిలబడతారు, ఇంటికెళ్లాక అడిగితే పెద్ద దుంగ కోశారు అని తప్ప ఒక్క ముక్క చెప్పలేరు. ఇలాంటి కూటాల్లో జనం నేర్చుకునేదంతా ఇంజన్ ఆపి ఉన్నప్పుడే. దుంగ ఎక్కించాక ఆపి మాట్లాడండి, ఒక కోత కోసి మళ్లీ ఆపండి, పలక తీసి చేతులు మారనివ్వండి, అప్పుడు ప్రశ్నలు వస్తాయి. ఆగి ఉన్న మూడు మిల్లులు కూడా వృథా కావు. ఒకటి హైడ్రాలిక్ది, ఒకటి చేత్తో తోసేది, ఒకటి చెయిన్ సా మిల్లు అయితే ఇంకా మంచిది, కవర్లు విప్పి గైడ్ రోలర్లు, బెల్టులు, టెన్షన్ పెట్టే పద్ధతి చూపించొచ్చు. మిల్లు కొందామా వద్దా అని ఊగుతున్నవాళ్లకి కావలసింది కోత కంటే ఇదే.

ఇప్పుడు దుంగల సంగతి. చాలామంది తేదీ, భోజనం, పార్కింగ్ అన్నీ చూసుకుని దుంగలు చివరి వారం వెతుకుతారు. దుంగలు ముందు, తేదీ తర్వాత. పాతికమందితో, మాటలతో, ఫొటోలతో గంటకి ఒక దుంగ మించి జరగదు, భోజనానికి ముందు మూడు, తర్వాత ఒకటి, అంతే. కాబట్టి నాలుగు దుంగలు, ఒక్కొక్కటి ఒక్కో విషయం చెప్పేలా ఎంచుకోండి. నేనైతే మొదట పాప్లర్ పెడతాను, నిటారుగా ఉంటుంది, మెత్తగా కోస్తుంది, బ్లేడు ఇబ్బంది పెట్టదు, కొత్తవాళ్లకి భయం పోతుంది. రెండోది రెడ్ ఓక్, లోపల ఒత్తిడి ఉన్న చెక్క ఎలా వంగుతుందో చూపించడానికి. మూడోది వైట్ ఓక్, క్వార్టర్ కోతకి, అంటే దుంగని ముందు నిలువుగా నాలుగు భాగాలు చేసి తర్వాత పలకలు తీయడానికి. భోజనాలయ్యాక ఒక సన్నని ఎర్ర సీడర్, ఎందుకంటే తిన్నాక ఎవరికీ ఓపిక ఉండదు, ఆ ఊదారంగు చేవ బయటపడి వాసన రాగానే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచొస్తారు.

వేసవిలో పెట్టకండి. ఎండ సంగతి అలా ఉంచి, ఇక్కడి ఉక్కపోతలో పైన్ దుంగలు కొద్ది రోజుల్లోనే నీలం పట్టేస్తాయి, ఓక్ చివర్లు పగుళ్లు తీస్తాయి. అక్టోబర్ చివర, లేదా మార్చి. చెట్టు కొట్టిన రోజే, మహా అయితే మర్నాడు, రెండు చివర్లకీ మైనం కలిపిన ఎండ్ సీలర్ పట్టించండి. వారం తర్వాత పగుళ్ల మీద పూస్తే ఉపయోగం లేదు. బెరడు అంచుతో సహా ఉండే లైవ్ ఎడ్జ్ పలకలు ఎవరైనా అడిగితే చలికాలంలో, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు కొట్టిన దుంగ వాడండి, వసంతంలో కొట్టినదానికి బెరడు ఊడిపోతుంది.

ఊళ్లో ఎవరి పెరట్లోదో వాల్‌నట్ చెట్టు ఫ్రీగా ఇస్తామంటారు. ఇళ్ల దగ్గర చెట్టు అంటే మేకులు, బట్టల తాడు కొక్కెం, గేటు బోల్టు లోపల ఉంటాయనే అనుకోవాలి. ఓక్, వాల్‌నట్ లాంటి వాటిలో దుంగ చివర నీలం కలిసిన నల్ల మచ్చ కనపడితే అది ఇనుము, చెక్కలో ఉన్న టానిన్‌తో కలిసి అలా రంగు తిరుగుతుంది. ఈ మచ్చ ఉన్న దుంగ ఒకటి దొరికితే దాన్ని కోయకండి, ప్రదర్శనకి పెట్టండి. చిన్న మెటల్ డిటెక్టర్ పిల్లల చేతికిచ్చి ఎక్కడ కూత పెడితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టమనండి. గంటసేపు వాళ్లు మిల్లు వైపే రారు, అది అసలు లాభం.

ఇక బరువు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బ్లేడు దగ్గర అందరూ భయంగానే ఉంటారు, దొర్లే దుంగ దగ్గర ఎవరూ ఉండరు. పచ్చి రెడ్ ఓక్ ఘనపుటడుగుకి 63 పౌండ్లు పైనే తూగుతుంది. 8 అడుగుల పొడవు, 16 అంగుళాల లావు దుంగ అంటే సుమారు 700 పౌండ్లు. లావు 20 అంగుళాలు చేస్తే, పొడవు అదే, 1,100 పౌండ్లు, అంటే అర టన్ను. నాలుగంగుళాలు పెరిగితే నాలుగు వందల పౌండ్లు. ఇది కంటికి తెలియదు. ఇంకొంచెం పెద్దదే కదా తొయ్యి అని నలుగురు చేతులేస్తారు, అక్కడే కాలు నలుగుతుంది. జనం తమ చేతులతో క్యాంట్ హుక్ (దుంగని పట్టి తిప్పే కొక్కెం ఉన్న పొడుగు కర్ర) పట్టుకుని దొర్లించడం నేర్చుకోవాలంటే దానికోసం విడిగా 14 అంగుళాల పాప్లర్ ఒకటి పెట్టండి, పచ్చి పాప్లర్ ఘనపుటడుగుకి 38 పౌండ్లే కాబట్టి అదే 8 అడుగుల పొడవుకి మొత్తం 325 పౌండ్ల దగ్గర ఆగుతుంది. పెద్ద ఓక్‌లని మాత్రం ట్రాక్టర్ ఫోర్కులతో మీరే, జనం రాకముందే, మిల్లు పక్కన వరసగా పెట్టేసుకోండి. ప్రతి దుంగకీ దొర్లకుండా రెండు వైపులా చెక్క వెడ్జులు పెట్టండి. నేల కొద్దిగా వాలుగా ఉన్నా వాలు వైపు ఎవరినీ నిలబడనివ్వకండి, ఒక్క నిమిషమే అన్నా వద్దు.

జనం ఎక్కడ నిలబడాలో ముందురోజే తాడు కట్టేయండి. బ్యాండ్ బ్లేడు తెగడం అరుదైన విషయం కాదు, మిల్లు నడిపేవాళ్లందరికీ తెలుసు. తెగినప్పుడు సాధారణంగా కవరులోనే ఉండిపోతుంది, కానీ ముక్క బయటికొస్తే బ్లేడు తిరిగే గీతలోనే వస్తుంది. అందుకని ఆ గీతకి రెండు చివర్లా, రంపపు పొట్టు వచ్చి పడే వైపు మరీ ముఖ్యంగా, ఎవరూ ఉండకూడదు. ఆపరేటర్ వెనక, పక్కకి, దూరంగా. అక్కడి నుంచి సరిగ్గా కనపడదు అని గొణుగుతారు. గొణగనివ్వండి, ఇంజన్ ఆపాక దగ్గరికి పిలుస్తారు కదా.

ఆపు అని చెప్పే అధికారం ఒక్కరికి ఇవ్వండి, ఆ మనిషి మిల్లు నడపకూడదు, ఫొటోలు తీయకూడదు, బిర్యానీ ఆర్డర్ కోసం ఫోన్ మాట్లాడకూడదు. ఆయన చెయ్యెత్తితే ఇంజన్ ఆగాలి, ఎందుకని తర్వాత అడగొచ్చు. మీ ఇంట్లో కొంచెం గట్టిగా మాట్లాడే మనిషి ఎవరైనా ఉంటే వాళ్లే సరిపోతారు, మా ఇంట్లో అయితే ఆ పని మా ఆవిడది, మొగుడని కూడా చూడదు. చున్నీలు, మెడలో ఐడీ ట్యాగులు, వదులు చేతులు తాడు లోపలికి రాకూడదు. గ్లౌజులు దుంగలు, చెక్కలు, ఆగి ఉన్న బ్లేడు పట్టుకోవడానికే, తిరిగే దాని దగ్గర కాదు. కళ్లద్దాలు, చెవి మఫ్స్ తెచ్చుకోమని చెప్తే సగంమంది మర్చిపోతారు, ఒక డబ్బా నిండా మీరే కొని పెట్టండి, పెద్ద ఖర్చేం కాదు.

కోత దగ్గర ఏం చూపించాలి? అందరికీ నచ్చేది పందెం. దుంగ ఎక్కించాక సన్నని చివర వ్యాసం కొలిపించి, ఎన్ని బోర్డ్ ఫీట్ (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం చెక్క ఒక బోర్డ్ ఫుట్) వస్తుందో ఒక్కొక్కరిని కాగితం మీద రాయమనండి. ఇక్కడ ఎక్కువగా వాడే డాయిల్ లెక్క తేలిక: అంగుళాల్లో వ్యాసం నుంచి 4 తీసేసి, 4తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, అడుగుల్లో పొడవుతో గుణించడం. 20 అంగుళాలు, 8 అడుగులు అయితే 128. ఇండియాలో మన కలప డిపోల్లో చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి వర్గం చేసి పొడవుతో గుణిస్తారు, అదే దుంగకి అలా చేస్తే సుమారు 13.7 ఘనపుటడుగులు, బోర్డ్ ఫీట్‌లో 164. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఈ రెండు లెక్కల మీద అరగంట వాదన ఖాయం, జరగనివ్వండి. డాయిల్ పాతకాలపు మందపాటి రంపాల కోసం వేసిన లెక్క, చిన్న దుంగల దగ్గర మరీ పిసినారితనం చేస్తుంది, మన సన్నని బ్యాండ్ బ్లేడుతో దానికంటే ఎక్కువే వస్తుంది. అన్ని పలకలూ కోశాక కూడిక చేసి దగ్గరగా రాసినవాడికి ఒక మంచి పలక ఇచ్చేయండి.

పాప్లర్ దుంగ ఎక్కించగానే కోయకండి. దుంగ ఒక చివర లావు, ఒక చివర సన్నం ఉంటుంది కదా, మిల్లు బెడ్ మీద అలాగే పెట్టి కోస్తే పలకల్లో గీతలు ఏటవాలుగా పోతాయి. టేపు తీసుకుని బెడ్ నుంచి దుంగ వలయాల నడిమి చుక్క దాకా రెండు చివర్లా కొలవండి. లావు చివర 9 అంగుళాలు, సన్నని చివర 7న్నర వచ్చిందనుకోండి, సన్నని చివర కింద అంగుళంన్నర వెడ్జు పెట్టి ఎత్తితే చుక్కలు రెండూ ఒకే ఎత్తుకి వస్తాయి. ఈ పని ఇద్దరు కొత్తవాళ్ల చేత చేయించండి, మీరు చేతులు కట్టుకుని నిలబడండి. వాళ్లు మొదటిసారి తప్పకుండా బెరడు దగ్గర నుంచి కొలుస్తారు.

రెడ్ ఓక్‌లో ఒక వైపు నుంచే వరసగా నాలుగైదు పలకలు తీయండి, కావాలనే. మిగిలిన దిమ్మె బెడ్ మీద నుంచి లేవడం మొదలవుతుంది, కిందకి వంగి చూస్తే వెలుతురు కనపడుతుంది. అప్పుడు ఇంజన్ ఆపి అందరినీ పిలిచి ఆ సందులో వేలు పెట్టి చూడమనండి. తర్వాత దిమ్మె తిప్పి అవతలి వైపు కోసి సర్దితే ఎలా చక్కబడుతుందో చూస్తారు. వైట్ ఓక్‌ని నాలుగు భాగాలు చేసి క్వార్టర్ కోస్తే పలక మీద మెరిసే చారలు బయటపడతాయి, దాని అందం గురించి నేను చెప్పక్కర్లేదు. కానీ అందం ఒక్కటే కాదు అని చెప్పండి. రెడ్ ఓక్ పచ్చి నుంచి పూర్తిగా ఆరేసరికి వలయాల వెంబడి 8.6 శాతం కుంచించుకుంటే, నడిమి నుంచి బెరడు వైపు 4 శాతమే. క్వార్టర్ పలక వెడల్పు ఈ రెండో దిక్కులో ఉంటుంది కాబట్టి సగమే కదులుతుంది. నిరుడు కోసి ఆరబెట్టిన మామూలు పలక ఒకటి, క్వార్టర్ పలక ఒకటి పక్కపక్కన బల్ల మీద పెడితే మీరు నోరు తెరవక్కర్లేదు.

బ్లేడు మార్చడం, పదును పెట్టడం మధ్యాహ్నానికి ఉంచండి. అప్పటికి బ్లేడు నిజంగానే మొద్దుబారి ఉంటుంది, పలక మీద అలలు కనపడతాయి, ముడి దగ్గరికి రాగానే బ్లేడు పైకో కిందకో జారుతుంది. దుంగకి అంటిన మట్టే దీనికి పెద్ద కారణం. అందుకే పొద్దున్న ఇద్దరికి వైరు బ్రష్, చిన్న గొడ్డలి ఇచ్చి బ్లేడు లోపలికి వెళ్లే వైపు బెరడు శుభ్రం చేయమనండి. దాదాపు 13 అడుగుల బ్లేడుని మూడు చుట్లుగా మడిచే పని చూడటానికి ఇంద్రజాలంలా ఉంటుంది, ప్రతివాడూ నేను చేస్తా అంటాడు. మొద్దుబారిన పాత బ్లేడుతో, తోలు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కరే.

ఆఖరి పని పేర్చడం. అందరూ తప్పించుకునేది ఇదే, అసలు చెక్క పాడయ్యేది కూడా ఇక్కడే. పలకల వరసల మధ్య పెట్టడానికి అంగుళం మందం ఎండిన రీపర్ ముక్కలు ముందే కోసి ఉంచండి, 16 నుంచి 24 అంగుళాలకి ఒకటి, కింది దాని మీదే పైది నిలువుగా సరిగ్గా వచ్చేలా, పైన బరువు, రేకు. పలక ఇంటికి తీసుకెళ్లి వచ్చే వారం కాఫీ టేబుల్ చేస్తాననే మనిషి ఒకడు ఉంటాడు. తేమ కొలిచే మీటర్ పచ్చి పలకలో గుచ్చి చూపించండి. ఇక్కడ బయట నీడలో ఎంత ఆరినా 12, 13 శాతం దగ్గర ఆగుతుంది, ఏసీ, హీటర్ నడిచే ఇంట్లోకి 6 నుంచి 8 కావాలి, కిల్న్‌లో (చెక్క ఆరబెట్టే వేడి గది) పెట్టకుండా కుదరదు.

దుంగలు తెచ్చే విషయంలో ఒక కచ్చితమైన మాట. వేరే రాష్ట్రం నుంచి దుంగలు, బెరడుతో ఉన్న చెక్కలు తేవద్దని ఆహ్వానంలోనే రాయండి. యాష్ చెట్లని తినేసే ఆకుపచ్చ బోరర్ పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, 2013కి నార్త్ కరొలైనా చేరింది, అంత దూరం అది సొంతంగా ఎగిరి రాలేదు, కట్టెలతో, దుంగలతో మనుషులే మోసుకొచ్చారు. అమెరికా కేంద్ర ప్రభుత్వం 2021లో దాని మీద క్వారంటైన్ ఎత్తేసింది కదా అని ఎవరైనా అంటే, రాష్ట్రాల నిబంధనలు వేరే ఉంటాయని చెప్పండి. పెన్సిల్వేనియా వైపు నుంచి మిల్లు లాక్కొచ్చే మిత్రుడు ట్రెయిలర్ అడుగున, టైర్ల దగ్గర బాగా చూసుకుని రావాలి, స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే పురుగు గుడ్లు ఎండిన బురద మరకలా అంటుకుని ఉంటాయి.

మిగతావి గబగబా. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే ఫోన్ చేసి, జనం వస్తారు, మిల్లు నడుస్తుంది అని చెప్పి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. సంతకం పెట్టించుకునే వేవర్ మంచిదే, ఇన్సూరెన్స్‌కి బదులు మాత్రం కాదు. ఎంట్రీకి డబ్బు తీసుకున్నా, చెక్క అమ్మినా అది వ్యాపారం కిందకి వస్తుందేమో కూడా అప్పుడే అడగండి. గేటు దగ్గర అడ్రస్ పెద్ద అక్షరాలతో రాయండి, 911కి ఫోన్ చేసేవాడికి మీ అడ్రస్ తెలియదు. ఫస్ట్ ఎయిడ్‌లో బ్యాండేజీలతో పాటు టూర్నికే (రక్తం ఆగేలా బిగించే పట్టీ) ఉండాలి, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉండాలి. సెప్టిక్ ట్యాంక్ పైపులు వేసిన నేల మీద ట్రెయిలర్లు పెట్టనివ్వకండి. పాత దుంగల గుట్టలో కాపర్‌హెడ్ అనే విషపు పాములు దూరతాయి, పిల్లలకి చెప్పండి. పొట్టు కావాలని గుర్రాలున్న పక్కింటాయన అడిగితే వాల్‌నట్ పొట్టు కలవకుండా ఇవ్వండి, అది పరిస్తే గుర్రాల కాళ్లు వాస్తాయి. బీరు మాత్రం మిల్లు ఆపి దాని తాళంచెవి జేబులో పడ్డాకే. కోసిన చెక్క ఎవరిది అన్నది మాత్రం పొద్దున్నే తేల్చేయండి: దుంగ ఎవరిదైతే చెక్క వాళ్లది, అతిథికి తలా ఒక పలక చీటీ తీసి. ఇది ముందు చెప్పకపోతే సాయంత్రం వైట్ ఓక్ దగ్గర స్నేహాలు చెడతాయి.

గోదావరి జిల్లా వారికి: అక్కడ ఇది సరదా వ్యవహారం కాదండి. అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ ఆదేశం దగ్గర నుంచి లైసెన్సు లేని సామిల్లుల మీద గట్టి నిఘా ఉంది, 2016 నుంచి కొత్త మిల్లుల అనుమతులు రాష్ట్ర స్థాయి కమిటీ చూస్తుంది. చక్రాల మీద తిరిగేదైనా మిల్లు మిల్లే అనుకుని ముందు అటవీ శాఖ ఆఫీసులో అడగండి. మీ పొలంలో చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, కలప కదిలించడానికి రవాణా పర్మిట్, ఏ జాతికి కావాలో ఏ జాతికి మినహాయింపో కూడా అక్కడే తెలుస్తుంది. మీకు తేలిక దారి ఒకటుంది: ఊళ్లో లైసెన్సున్న సామిల్లు యజమానిని ఒక ఆదివారం అడిగి, ఆయన మిల్లులో, ఆయన మనుషులు కోస్తుండగా పదిమంది వెళ్లి చూడటం. కొలత, పేర్చడం, తేమ చూడటం లాంటివన్నీ అక్కడే మీ చేతులతో చేయొచ్చు.

షార్లెట్ తమ్ముడు మాత్రం దుంగలు దొరికాక ఒక్కోదాని సన్నని చివర వ్యాసం, పొడవు, కొట్టిన తేదీ, చివర్ల ఫొటోలు ఇక్కడ పెట్టండి. ఏది ముందు ఏది తర్వాత, ఏ ముఖం నుంచి మొదలుపెట్టాలి అన్నది అవి చూశాక చెప్తాను.